ఆకాశంలో ఎవరి గొంతు?

విమానాల్లేని విమాన కంపెనీలు ఉన్నాయని మన పాఠకుల్లో చాలామందికి తెలిసి ఉండదు. అవి టిక్కెట్లు అమ్మవు, జీతాలివ్వవు. ఒక్క విమానం కూడా నేల విడిచి లేవదు. కానీ వాటికి టైంటేబుల్ ఉంటుంది, పైలట్లుంటారు, ఆ పైలట్లకి ర్యాంకులూ శిక్షణా పరీక్షలూ ఉంటాయి. ఇంట్లో కంప్యూటర్ మీద ఫ్లైట్ సిమ్యులేటర్ నడుపుకునే వాళ్ళు నలుగురూ కలిసి సరదాకి పెట్టుకున్న సంఘాలివి. వర్చువల్ ఎయిర్‌లైన్స్ అంటారు. వీటికీ స్త్రీల హక్కుల పత్రికకీ ఏం సంబంధం అని మీరడగొచ్చు. మా సంపాదకవర్గంలోనే ఒకరు అడిగారు, రాయాల్సిన సమస్యలు ఇన్ని ఉండగా మగపిల్లల ఆట గురించి ఎందుకు అని. ఆవిడ "మగపిల్లల ఆట" అన్నాకే నాకు ఇది తప్పకుండా రాయాలనిపించింది.

మైక్రోసాఫ్ట్ 1982లో తన మొదటి ఫ్లైట్ సిమ్యులేటర్‌ని అమ్మకానికి పెట్టింది. అప్పుడది గీతల బొమ్మ. ఇవాళ్టి వాటిలో ఊళ్ళూ, కొండలూ, మబ్బులూ, ఆ పూట వీస్తున్న గాలీ కూడా ఉంటాయి. 2001లో వ్యాట్‌సిమ్ అనే అంతర్జాతీయ నెట్‌వర్క్ మొదలైంది. అందులో విమానం నడిపే వాళ్ళే కాదు, కంట్రోల్ టవర్‌లో కూర్చుని దారి చెప్పేవాళ్ళు కూడా మనలాంటి మనుషులే, వాలంటీర్లే. పదమూడేళ్ళు నిండితే చేరొచ్చు, ఫీజు లేదు.

శిక్షణ మాత్రం ఆషామాషీ కాదు. మొదట చిన్న సెస్నా 172 ఇస్తారు. ఇంజను ఆపేసి, లైట్లార్పేసి ఉన్న విమానాన్ని చెక్‌లిస్టు చూసుకుంటూ ఒక్కొక్క స్విచ్చే వేసి సిద్ధం చేయాలి. రన్‌వే చుట్టూ తిరిగి దిగాలి, పక్కనుంచి గాలి కొడుతున్నా దిగాలి. ఆ తర్వాత బయటికి చూడకుండా పరికరాల్నే నమ్ముకుని మబ్బుల్లోంచి కిందికి రావాలి. ఇవన్నీ అయ్యాకే ఎయిర్‌బస్ 320 లాంటి జెట్. అయితే కొత్తవాళ్ళకి చేతులతో చేసే పనికంటే నోటితో చేసే పని కష్టమట. కంట్రోలర్ చెప్పిన ఎత్తు, దిశ, రన్‌వే నంబరు పొల్లు పోకుండా తిరిగి అప్పగించాలి. అర్థం కాకపోతే "సే అగైన్" అనాలి. చెప్పింది చేయడం కుదరకపోతే "అనేబుల్" అనాలి.

ఈ అనేబుల్ నాకు తెగ నచ్చింది. కింద కూర్చున్న అధికారి చెప్పింది ప్రమాదమనిపిస్తే పైలట్ ఆ ఒక్క ముక్క అని, కారణం క్లుప్తంగా చెబితే సరిపోతుంది. బతిమాలక్కర్లేదు, నొచ్చుకుంటారేమోనని నసగక్కర్లేదు. మన ఇళ్ళల్లో ఏ ఆడపిల్లకైనా ఈ మాట నేర్పుతున్నామా?

విమానయాన రంగం కూడా ఈ సంగతిని ఊరికే నేర్చుకోలేదు, చాలా ప్రాణాలు పోయాక నేర్చుకుంది. 1977 మార్చి 27న టెనెరిఫే దీవిలో రన్‌వే మీద రెండు పెద్ద విమానాలు గుద్దుకుని 583 మంది చనిపోయారు. ఎదుటి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని ఫ్లైట్ ఇంజనీరుకి అనుమానం వచ్చింది, అడిగాడు కూడా. కెప్టెన్ గట్టిగా కొట్టిపారేశాడు. ఆయన చాలాకాలం సిమ్యులేటర్లో ఇతరులకి పాఠాలు చెప్పిన పెద్దమనిషి. అంతటివాడికి ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? 1979లో నాసా జరిపిన సదస్సు తర్వాత, కిందివాళ్ళు నోరు విప్పడమూ పైవాళ్ళు వినడమూ పైలట్ల శిక్షణలో భాగమయ్యాయి. పితృస్వామ్యం గురించి మనం చెప్పేది వాళ్ళు వేరే పేరుతో చెబుతున్నారు, అంతే.

ఇప్పుడు అసలు విషయం. నెల్లూరులో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదివే మా అక్క కూతురు ఇలాంటి ఒక సంఘంలో శిక్షణకి చేరింది. సంఘం పేరు రాయను. ఇంట్లో ఒకటే కంప్యూటర్. పగలంతా తమ్ముడిది, రాత్రి పది దాటాక ఈమెది. "అర్ధరాత్రి గదిలోంచి మగవాళ్ళ గొంతులేమిటే, పక్కవాటా వాళ్ళేమనుకుంటారు?" అని మా అక్క. సరే, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. ఇంట్లో గోల తీరింది.

తర్వాత సంఘంలో మొదలైంది. నలుగురితో కలిసి నడిపే ఫ్లైట్‌లో ఈమె మొదటిసారి నోరు విప్పగానే అందరూ ఆగిపోయారు. "పిన్నీ, నేను ఇంజను ఆర్పేసినట్టు ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు" అంది. తర్వాత ఒకడు "అమ్మాయా!" అన్నాడు. ఆ రాత్రే సంఘం చాట్‌లో మెసేజీలు. వయసెంత, ఊరేది, ఫొటో పంపు. ఆమె ఎలా దిగిందో మాత్రం ఒక్కరూ అడగలేదు. నేర్పే కుర్రాడు మంచివాడే, ఓపిగ్గా చెప్పేవాడు. అతనొక్కడి మంచితనంతో ఏమవుతుంది?

నెట్‌వర్క్‌లో ఎగిరేముందు ఫ్లైట్ ప్లాన్ ఇవ్వాలి. దాని చివర ఒక అక్షరం పెట్టొచ్చు. 'వి' అంటే నేను మాట్లాడతాను, 'ఆర్' అంటే వింటాను కానీ జవాబు టైపు చేస్తాను, 'టి' అంటే అంతా టైపులోనే. చెవుడున్న వాళ్ళకీ, మైకు లేనివాళ్ళకీ ఇదొక మంచి ఏర్పాటు. మా పిల్ల 'వి' తీసేసి 'టి' పెట్టుకుంది. రెండు నెలలు అలాగే ఎగిరింది. మద్రాసు, బెంగుళూరు, విశాఖ అన్నీ తిరిగింది, ఒక్క మాటా మాట్లాడకుండా.

చివరి పరీక్ష గొంతుతోనే చేయాలని ఆ సంఘం నియమం. నేర్పినతని ఒక్కడి ముందు మాట్లాడతానంది. కుదరదు, అందరికీ ఒకటే రూలు అన్నారు. మెసేజీల గురించి ఫిర్యాదు చేస్తే, నచ్చనివాళ్ళని బ్లాక్ చేసుకోండి, ఇక్కడ అందరం ఫ్రెండ్సే అన్నారు. గడువు దాటిందని ఆమె శిక్షణ రద్దు చేశారు. గొంతుతో పరీక్ష పెట్టడం తప్పని నేననను. గొంతే కదా ఈ విద్యకి ప్రాణం! ఆ గొంతు వినిపిస్తే వెంటపడే వాళ్ళని వదిలేసి, గొంతు దాచుకున్న పిల్లని ఫెయిల్ చేయడం ఏ న్యాయం?

ఆటే కదా, పోనిద్దూ అనేవాళ్ళకి ఒక సంగతి చెబుతాను. ఎడ్విన్ లింక్ అనే అమెరికన్ 1929లో చెక్కతో, తమ ఇంటి వ్యాపారమైన ఆర్గాన్ వాద్యాల తిత్తులతో ఒక సిమ్యులేటర్ చేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నేవీ మహిళా విభాగం వాళ్ళు ఆ లింక్ ట్రైనర్ల దగ్గర శిక్షకులుగా పనిచేశారు. మబ్బుల్లో దారి తప్పకుండా రావడం మగ పైలట్లకి నేర్పింది ఆడవాళ్ళే. యుద్ధానికి ఎగిరే అవకాశం మాత్రం వాళ్ళకి లేదు. నిజం విమానాలు నడిపిన వాస్ప్ దళంలోని 1,074 మందికీ దక్కిందేముంది? 38 మంది చనిపోతే శవాల్ని ఇళ్ళకి చేర్చే ఖర్చు కూడా సైన్యం పెట్టలేదు. వాళ్ళని సైనికులుగా గుర్తించింది 1977లో. బ్రిటన్‌లో విమానాలు చేరవేసిన ఏ.టి.ఏ. స్త్రీలు మాత్రం 1943లో మగవాళ్ళతో సమాన వేతనం సాధించుకున్నారు.

మన దేశం ఈ విషయంలో కొంత నయం. సర్లా ఠక్రాల్ 1936లోనే లైసెన్సు తీసుకుంది. 1940ల చివర్లో ప్రేమ్ మాథుర్‌కి ఉద్యోగమిచ్చింది మన హైదరాబాద్‌లోని డెక్కన్ ఎయిర్‌వేస్. దేశంలో మొదటి మహిళా కమర్షియల్ పైలట్ ఆమె. 2022లో ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం మన పైలట్లలో దాదాపు 15 శాతం స్త్రీలు, ప్రపంచం మొత్తం మీద 5 శాతమే. ఈ లెక్క చూసి సంబరపడేముందు, కమర్షియల్ లైసెన్సుకి అయ్యే ఖర్చు లక్షల్లో, పదుల లక్షల్లో ఉంటుందని గుర్తుంచుకోవాలి. ఇంట్లో సిమ్యులేటర్ మీద ఎగిరిన గంటలు ఆ లైసెన్సుకి లెక్కలోకి రావు. వస్తాయని ఎవరైనా ఫీజు అడిగితే నమ్మకండి. కానీ అంత డబ్బు తండ్రి చేత ఖర్చు పెట్టించే ముందు, ఈ పని తనకి చేతనవునా అని ఒక ఆడపిల్ల పైసా లేకుండా తేల్చుకోగల చోటు ఇంకెక్కడుంది? ఆ చోటు కూడా కంప్యూటర్ అందుబాటులో ఉన్నవాళ్ళకే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న మగవాళ్ళు 57 శాతం, స్త్రీలు 33 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలు 21 శాతమే.

పైలట్ కాకపోతే మాత్రం ఏం? మగపిల్లవాడు ఆడుకుంటుంటే ఇది దేనికి పనికొస్తుందని ఎవరూ అడగరు. 1993లో మన దేశం ఆమోదించిన సీడా ఒప్పందం 13వ అధికరణం వినోదాల్లో, క్రీడల్లో పాల్గొనే హక్కు స్త్రీలకి సమానంగా ఉండాలంటుంది. మనం కూడా ఆ అధికరణాన్ని ఎప్పుడూ పెద్దగా పట్టించుకోలేదు, మనకి ఎప్పుడూ ఇంతకంటే అర్జెంటు పనులే.

ఆ సంఘానికి పత్రిక తరఫున ఉత్తరం రాశాం. పెద్దవేం అడగలేదు. ఇంజను ఆగిపోతే ఏం చేయాలో మొదటి వారంలోనే చెబుతున్నారు కదా, ఎవరైనా వేధిస్తే ఎవరికి చెప్పాలో కూడా అప్పుడే చెప్పండి. పెద్ద నెట్‌వర్క్‌ల్లో ప్రవర్తనా నియమావళి ఉంది, సూపర్‌వైజర్లున్నారు. మీ సొంత చాట్‌లో కూడా ఫిర్యాదు వినే మనిషిని పెట్టండి, అది మీ పైలట్ల స్నేహితుడు కాకుండా చూడండి. కోరినవాళ్ళకి పరీక్ష విడిగా పెట్టండి. రద్దు చేసిన ఆ శిక్షణని మళ్ళీ తెరవండి.

జవాబు వస్తే వచ్చే సంచికలో వేస్తాం. రాకపోతే ఆ సంగతి కూడా వేస్తాం. మీ ఇళ్ళల్లో, మీ హాస్టళ్ళలో 'టి' పెట్టుకుని ఎగురుతున్న అమ్మాయిలుంటే మాకు రాయమనండి. పేర్లు వేయం.