మన మీద రాసిన తీర్పు మనం చదవొద్దా?

హైదరాబాద్ పాతబస్తీలో, మూసీ ఒడ్డున హైకోర్టు భవనం ఉన్నది. చుండూరు కేసులో శిక్ష పడ్డవాళ్లంతా నిర్దోషులేనని 2014 ఏప్రిల్ 22న ఆ కోర్టు తేల్చింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని పొలాల్లో తరిమి తరిమి నరికారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలువలో తోశారు. అందరూ నిర్దోషులైతే మరి చంపిందెవరు? కాలువా?

చుండూరు పల్లె ఊరికే కూర్చోలేదు. కొట్లాడి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకుంది. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేయించింది. పదహారేళ్ల పోరాటం అది. హైకోర్టు ఏమన్నది? ఎవరు ఏ వేళకు, ఎక్కడ, ఎవరి చేతిలో చచ్చారో ప్రాసిక్యూషన్ రుజువు చేయలేదన్నది. కత్తులు పట్టుకుని వెంటపడితే ప్రాణం దక్కించుకుంటారా, గడియారం చూసుకుంటారా?

మనం ధర్నాలు చేశాం, నినాదాలిచ్చాం. మంచిదే. కానీ అన్నా, అక్కా, ఒక్క మాట. ఆ తీర్పులో ఏం రాశారో మన వాడల్లో ఎంతమందికి తెలుసు? రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం పెద్ద కోర్టుల పని ఇంగ్లీషులో నడుస్తది. ఇప్పుడు కొన్ని తీర్పులు తెలుగులోకి వస్తున్నా గూడెం దాకా వచ్చేవెన్ని? 'వకీలు చూసుకుంటాడులే' అని మనం ఇంటికి పోతున్నాం. అవతలివాడు మాత్రం ప్రతి అక్షరం చదివించుకుంటున్నాడు.

మనలాగే వెలికి గురైన అమెరికా నల్లవాళ్లు ఏం చేశారో చూడండి. నల్లవాళ్లకు వేరే రైలుపెట్టె పెట్టినా తప్పులేదు, సమానంగా ఉంటే చాలని 1896లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. నల్ల వకీళ్లు ఆ తీర్పునే పట్టుకున్నారు. 'సమానం అన్నారు కదా, ఏదీ చూపించండి' అని ఒక్కో కాలేజీ మీద కేసు వేస్తూ పోయారు. 1954 మే 17న, బళ్లలో వేరు పెట్టడమే అసమానత అని అదే కోర్టు చేత చెప్పించారు. అక్కడితో అయిపోలేదు. యూనివర్సిటీ సీట్లలో జాతిని లెక్కలోకి తీసుకోవద్దని 2023 జూన్ 29న ఆ కోర్టే అన్నది. గెలిచిన తీర్పుకి కూడా కాపలా కాయాలి!

'చదివితే న్యాయమొస్తదా, రోడ్డెక్కాలి గానీ' అనేవాళ్లున్నారు. మహద్ చెరువు నీళ్లకోసం బాబాసాహెబ్ 1927లో జనంతో కదిలాడు. కోర్టులోనూ పదేళ్లు కొట్లాడి 1937లో బొంబాయి హైకోర్టులో గెలిచాడు. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు అట్రాసిటీ చట్టం కోరలు పీకింది. ఏప్రిల్ 2న దేశమంతా బంద్ అయింది. పార్లమెంటు చట్టాన్ని సవరించింది. 2019లో కోర్టే తన ఆదేశాల్ని వెనక్కి తీసుకుంది. తీర్పు అర్థమైంది కాబట్టే జనం కదిలారు. రోడ్డూ కావాలి, కాగితమూ కావాలి.

ఇప్పుడు చేతిలో ఉన్న ఆయుధం చూడండి. అదే చట్టంలో 15ఎ సెక్షన్ ఉన్నది. నిందితుడు బెయిలు అడిగితే బాధితులకు ముందే నోటీసివ్వాలి, వాళ్ల మాట వినాలి. ఇది తప్పనిసరి అని 2021 అక్టోబరులో హరిరామ్ భాంభీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసు లేకుండా ఇచ్చిన బెయిలుని కొట్టేసింది. మీ మండలంలో నోటీసు అందుకున్న బాధితులెందరు? అడిగినవాళ్లెందరు?

ప్రతి వాడలో అంబేద్కర్ సంఘం నెలకో తీర్పు తెలుగులో చదివి వినిపించాలి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా అడిగి తీసుకోవాలి. కోర్టు వాయిదాకి ఇద్దరైనా పోయి కూర్చోవాలి, జరిగింది రాసుకోవాలి. ఒకప్పుడు వేదం వింటే చెవుల్లో సీసం పోస్తామన్నారు. ఇప్పుడు సీసం లేదు, ఇంగ్లీషున్నది. చెవులు మూసుకోవడమెందుకు?

చదవండి. చదివించండి. నిలదీయండి.

జై భీమ్!