కొండకెళ్లే కారుకు... కింద చూడండి!

నెత్తిన టెంటు, ముందు ఇనుప కడ్డీలు, పక్కన పార, వెనక డీజిలు డబ్బా, పైన వరసగా లైట్లు... ఇలా ముస్తాబైన కారు రోడ్డు మీద కనిపిస్తే చాలు, పిల్లలు తలలు బయటపెట్టి మరీ చూస్తారు. ‘నాన్నా, మన కారునీ ఇలా చేయిద్దాం’ అంటారు. నాన్నకూ మనసులో అదే ఉంటుంది. సెలవుల్లో ఇంటిల్లిపాదీ లద్దాఖ్‌కో, స్పితి లోయకో సొంత కారులో వెళ్లిరావాలన్న కోరిక ఇప్పుడు మన దగ్గరా పెరుగుతోంది. ఇంట్లో ఉన్నది ఆల్‌ వీల్‌ డ్రైవ్‌ కారైతే ఇక చెప్పేదేముంది!

కానీ ఆ ముస్తాబులో ఎంత అవసరం, ఎంత ఆర్భాటం? అసలు తిప్పలన్నీ వచ్చేది ఆ తేడా తెలియకే. కంటికి కనిపించే హంగులకు లక్షలు పోసి, కంటికి కనిపించని చోట వెయ్యి రూపాయలు పెట్టకపోతే బండి లారీ ఎక్కి ఇంటికొస్తుంది.

ఇలా తిరగడాన్ని ‘ఓవర్‌ల్యాండింగ్‌’ అంటారు. చేరే ఊరికన్నా వెళ్లే దారే ముఖ్యమనుకుని, తిండీ పడకా వెంటేసుకుని రోజుల తరబడి ప్రయాణించడమన్నమాట. ఆస్ట్రేలియాలో పశువుల మందల్ని వందల మైళ్లు తోలుకెళ్లేవాళ్లను వెనకటికి ఓవర్‌ల్యాండర్లనేవారు. పేరు అక్కడిదే. 1955లో ఆక్స్‌ఫర్డ్‌, కేంబ్రిడ్జి కుర్రాళ్లు కొందరు రెండు ల్యాండ్‌రోవర్లలో లండన్‌లో బయల్దేరి మనదేశం మీదుగా సింగపూర్‌ దాకా వెళ్లారు. ఆ యాత్రతో ఈ సరదాకు ప్రపంచమంతా పేరొచ్చింది.

ఆ బండి వేరు... ఈ బండి వేరు

థార్‌, జిమ్నీ లాంటివి 4×4లు. వాటిలో మామూలు గేర్లకు తోడు ‘లో రేంజ్‌’ అనే మరో ఏర్పాటు ఉంటుంది. అది వేస్తే బండి నడిచే మనిషికన్నా నెమ్మదిగా, రెట్టింపుకు మించిన బలంతో కదులుతుంది. ఆల్‌ వీల్‌ డ్రైవ్‌ ఫ్యామిలీ కార్లలో సాధారణంగా అది ఉండదు. మామూలుగా ముందు చక్రాలే తిరుగుతాయి. అవి జారినప్పుడు మధ్యలో ఉండే క్లచ్‌ లాంటి భాగం బిగుసుకుని వెనక చక్రాలకూ బలాన్ని పంపుతుంది.

మనదేశంలో 2014లో వచ్చిన రెనో డస్టర్‌ ఆల్‌ వీల్‌ డ్రైవ్‌ దీనికి మంచి ఉదాహరణ. నేలకూ బండికీ మధ్య 210 మిల్లీమీటర్ల ఎత్తు, ఆరు గేర్లు, లో రేంజ్‌ లేని లోటు తీర్చడానికి బాగా నెమ్మదిగా లాగే మొదటి గేరు. 2020లో డీజిలు ఇంజిన్‌తోపాటే దాన్నీ ఆపేశారు. అయినా సెకండ్‌హ్యాండ్‌లో ఇప్పటికీ వెతికి కొనేవాళ్లున్నారు. 2021లో మహీంద్రా ఎక్స్‌యూవీ700, 2022లో మారుతీ గ్రాండ్‌ విటారా కొన్ని మోడళ్లలో ఈ సౌకర్యంతో వచ్చాయి.

ఈ కార్ల బలహీనత ఒక్కటే. ఇసుకలోనో బురదలోనో చక్రాలు ఆగకుండా జారుతుంటే ఆ క్లచ్‌ వేడెక్కుతుంది. మితిమీరితే తనను కాపాడుకోవడానికి వెనక చక్రాలను వదిలేస్తుంది. సరిగ్గా అవసరమైన సమయానికి నాలుగు చక్రాల బండి కాస్తా రెండు చక్రాలదవుతుంది! కాబట్టి చేయించే మార్పులన్నిటి లక్ష్యం ఒకటే కావాలి. చక్రం జారకూడదు, అడుగు తగలకూడదు, బరువు పెరగకూడదు.

మొదటి ఖర్చు టైర్లకే

చేతిలో ఉన్న డబ్బు ఒక్క మార్పుకే సరిపోతుందంటే కళ్లు మూసుకుని టైర్లు మార్చాలి. కంపెనీ టైర్లు తారు రోడ్డుకు చేసినవి. ‘ఆల్‌ టెరైన్‌’ రకానికి గాళ్లు లోతుగా, పక్కగోడలు దృఢంగా ఉంటాయి. కంకర దారిలో టైరు ఎక్కువగా కోసుకుపోయేది పక్కనే. అక్కడ పంక్చరు వేయడం కుదరదు.

మరి పెద్ద సైజు వేసుకోవచ్చా? లెక్క చూడండి. డస్టర్‌ టైరు 215/65 ఆర్‌16. దాని బదులు 215/70 ఆర్‌16 వేస్తే టైరు ఎత్తు 21.5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. బండి లేచేది అందులో సగం... అంటే సెంటీమీటరు. అటు స్పీడోమీటరు 100 చూపిస్తుంటే బండి 103లో పోతుంటుంది. మలుపు తిప్పినప్పుడు టైరు లోపలి ప్లాస్టిక్‌ను రాసుకోవచ్చు. సెంటీమీటరు కోసం ఇంత గొడవెందుకు? కంపెనీ చెప్పిన సైజులోనే గట్టి రకం తీసుకోవడం మేలు.

ఇంకో సంగతి. ఆల్‌ వీల్‌ డ్రైవ్‌ కారుకు రెండు టైర్లు కొత్తవి, రెండు అరిగినవి ఉండకూడదు. అరిగిన టైరు చుట్టుకొలత తక్కువ కాబట్టి ఎక్కువసార్లు తిరుగుతుంది. బండి దాన్ని జారడమనుకుంటుంది. మధ్యలోని క్లచ్‌ ఊరికే పనిచేసి అరిగిపోతుంది. మారిస్తే నాలుగూ ఒకేసారి మార్చాలి. స్టెప్నీ కూడా అదే సైజుది ఉండాలి.

బండి కడుపు భద్రం

రాళ్ల దారిలో ప్రయాణాన్ని అర్ధంతరంగా ఆపేసేది మెకానిక్కులు ‘ఛాంబర్‌’ అని పిలిచే ఇంజినాయిల్‌ తొట్టి. రాయి తగిలి అది పగిలితే ఆయిలంతా నిమిషాల్లో కారిపోతుంది. చూసుకోకుండా నడిపితే ఇంజిన్‌ పట్టేస్తుంది. దాని కింద మూడు, నాలుగు మిల్లీమీటర్ల మందం ఇనుప పలకో, అంతకన్నా తేలికైన అల్యూమినియం పలకో బిగించుకోవాలి. ఆయిలు మార్చేందుకు రంధ్రం, గాలి ఆడేందుకు సందులు ఉన్నాయో లేదో చూసుకోవాలి. కొన్ని కంపెనీలు తమ యాక్సెసరీల్లోనే ఈ పలక అమ్ముతాయి. అదైతే బోల్టులు సరిగ్గా కుదురుతాయి. బయటినుంచి ఎవరికీ కనిపించని ఈ పలకే మొత్తం యాత్రకు బీమా.

తర్వాత అందరికీ వచ్చే ఆలోచన స్ప్రింగులు మార్చి బండిని ఎత్తడం. ఈ కార్లలో ఇంజిన్‌ నుంచి చక్రానికి వెళ్లే షాఫ్టులు ఒక కోణానికి తగ్గట్టు తయారవుతాయి. బండిని ఎత్తితే ఆ కోణం పెరిగి జాయింట్లు తొందరగా పాడవుతాయి. వీల్‌ అలైన్‌మెంటు మారుతుంది. బరువంతా పైకి జరిగి మలుపుల్లో ఊగుతుంది. హైదరాబాద్‌ నుంచి లేహ్‌కు రమారమి 2,500 కిలోమీటర్లు. అందులో చాలా భాగం తారు రోడ్డే. కొద్దిపాటి గతుకుల కోసం మిగతా దారంతా పిల్లలున్న బండిని ఊగిస్తూ నడపడం తెలివైన పనేనా?

ఇరవై బియ్యం బస్తాలు!

ఇక అసలు శత్రువు బరువు. అమ్మా నాన్నా 140 కిలోలు, ఇద్దరు పిల్లలు 70, పైటెంటు 60, దాని క్యారియర్‌ 20, నీళ్లు 40, ఇరవై లీటర్ల డీజిలు 17, కింది పలక 20, పనిముట్లు 30, బట్టల సంచులు 50, స్టవ్వూ గిన్నెలూ 15, చిన్న ఫ్రిజ్‌, దాని బ్యాటరీ 40... కూడితే 502 కిలోలు. అంటే 25 కిలోల బియ్యం బస్తాలు ఇరవై! అయిదుగురు కూర్చునే కార్లలో చాలావాటి మోత సామర్థ్యం 400 నుంచి 500 కిలోల మధ్యే. తాతయ్యో నానమ్మో వెంట రాకముందే లెక్క దాటిపోయినట్టే.

బండి కప్పుకు మరో పరిమితి ఉంటుంది. నడిచేటప్పుడు అది మోయగలిగింది చాలా ఫ్యామిలీ కార్లలో వంద కిలోల లోపే. టెంటుకూ క్యారియర్‌కే ఎనభై పోయాయి. ఘాట్‌ మలుపులో ఆ ఎనభై కిలోలే బండిని పక్కకు లాగుతాయి. స్పితిలో చాలా ఊళ్లలో ఇళ్లలోనే బస దొరుకుతుంది. నేలమీద వేసుకునే టెంటు ఐదారు కిలోల్లోనూ దొరుకుతుంది. ఇన్ని దారులుండగా నెత్తిన ఇల్లెందుకు?

డీజిలు డబ్బా సంగతీ అంతే. మనాలి-లేహ్‌ దారిలో టాండి బంకు దగ్గర ‘తర్వాతి బంకు 365 కిలోమీటర్లు’ అని రాసిన బోర్డు ఏళ్లుగా యాత్రికులకు తెలిసిందే. లీటరుకు 12 కిలోమీటర్ల చొప్పున వేసుకున్నా ఆ దూరానికి కావాల్సింది 31 లీటర్లు. డస్టర్‌ ట్యాంకులో పట్టేది 50. టాండిలో ట్యాంకు నింపుకుంటే డబ్బా అవసరమే రాదు.

పైగా అయిదు వేల మీటర్లు దాటిన కనుమల్లో గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే సగానికి కాస్త అటూఇటుగా ఉంటుంది. టర్బో లేని పెట్రోలు ఇంజిన్‌ బలం ఆ మేరకు పడిపోతుంది. దానికి షెడ్డులో చేయించే మందు లేదు. బరువు దించడమే మందు. బయల్దేరే ముందు సామానంతా సర్ది, ఇంటిల్లిపాదీ ఎక్కి, లారీలను తూచే కాటా మీదికి ఒకసారి బండిని పోనివ్వండి. ఆ చీటీలో ఉన్న అంకెను ఓనర్స్‌ మాన్యువల్‌లో ఇచ్చిన గరిష్ఠ బరువుతో పోల్చుకుంటే ఏది దించాలో అదే చెబుతుంది.

చట్టం ఊరుకోదు

‘నా కారు, నా ఇష్టం’ అంటే కుదరదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతిని స్పష్టం చేసింది. అదే ఏడాది జరిగిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకూ జైలు, లేదా రెండూ పడొచ్చు.

ముందు బిగించే ఇనుప కడ్డీలు కూడా చట్టవిరుద్ధమేనని, చర్యలు తీసుకోవాలని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. కారణం లేకపోలేదు. గుద్దినప్పుడు కారు ముందుభాగం నలిగి దెబ్బను మింగాలి. కడ్డీ అడ్డుంటే ఆ దెబ్బ తిన్నగా లోపలివాళ్లకే తగులుతుంది. ఎయిర్‌బ్యాగులు సమయానికి తెరుచుకోకపోవచ్చు. రోడ్డు దాటే మనిషికైతే అది యమపాశమే.

బీమా కంపెనీకి చెప్పకుండా చేయించిన మార్పులు క్లెయిము దగ్గర ఎదురు తిరుగుతాయి. అందుకే బోల్టు బిగించే ముందే ఆర్టీఏ ఆఫీసులోనూ, బీమా కంపెనీలోనూ అడిగి, జవాబు కాగితం మీద తీసుకోవాలి.

వాగు దగ్గర తొందరొద్దు

మనాలి నుంచి కాజా వెళ్లే దారిలో ‘పాగల్‌ నాలా’ అని ఒక వాగుంది. పేరుకు తగ్గట్టే ఉంటుంది. పొద్దున పిల్లకాలువ. ఎండెక్కి మంచు కరిగేకొద్దీ మధ్యాహ్నానికి ఉరకలేస్తుంది. ఇలాంటివి ఉదయాన్నే దాటాలి. ముందు ఇంకో బండి దాటేదాకా ఆగాలి. నీళ్లు ఇంజిన్‌లోకి పోతే, నీరు గాలిలా నలగదు కాబట్టి లోపలి రాడ్లు వంగిపోతాయి. నీళ్లలో బండి ఆగితే మళ్లీ స్టార్టు చేయకూడదు. ఆ ఒక్క ప్రయత్నమే ఇంజిన్‌ను తినేస్తుంది. చాలా పాలసీల్లో, ఇంజిన్‌ రక్షణకు విడిగా ప్రీమియం కడితే తప్ప ఈ నష్టం రాదు.

దిగబడిన బండిని లాగడమూ ఒక విద్యే. తాడును బంపరుకో, చక్రాన్ని పట్టుకునే కడ్డీలకో కట్టకూడదు. అవి ఊడితే ఫిరంగి గుండులా ఎగురుతాయి. కారుతోపాటు వచ్చే మర కొక్కెం నిదానంగా లాగడానికే తప్ప కుదుపుతో లాగడానికి కాదు. తాడు మీద పాత దుప్పటి వేసి, పిల్లల్ని దూరంగా నిలబెట్టాకే లాగాలి. అసలు ముందు చేయాల్సింది లాగడం కాదు. దిగి, చక్రాల ముందు పారతో తవ్వి, టైరులో గాలి తగ్గించి చూడాలి. సగం సార్లు బండి దానంతటదే బయటికొస్తుంది.

రిహార్సల్‌ మన గడ్డమీదే

కొత్త టైర్లతో తిన్నగా హిమాలయాలకు వెళ్లిపోనక్కర్లేదు. తెలిసినవాళ్ల పొలం దారి చాలు. అడిగి వెళ్లండి. మెత్తటి ఇసుకలో 32 పీఎస్‌ఐ ఉన్న గాలిని 18, 20కి తగ్గిస్తే టైరు అడుగు పొడవుగా పరుచుకుని మునగకుండా పోతుంది. అక్కడ ట్రాక్షన్‌ కంట్రోల్‌ ఆపేయాలి. లేకపోతే చక్రం జారగానే అది ఇంజిన్‌ బలం తగ్గించేస్తుంది. తారెక్కగానే మళ్లీ గాలి నింపాలి. తడిసిన నల్లరేగడి మరో గురువు. ఎంత మంచి టైరైనా గాళ్లలో మట్టి నిండితే బోడి టైరుతో సమానం. ఆ మట్టిలో ‘వెనక్కి తిరుగుదాం’ అనడం నేర్చుకున్నవాళ్లు ఎక్కడైనా క్షేమంగా తిరిగొస్తారు. అడవిలో మాత్రం వద్దు. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా దారి తప్పి బండి నడపడం నేరం.

ఇవి వెంట ఉంటే...

• టైర్లలో గాలి కొలిచే గేజి, బ్యాటరీతో నడిచే చిన్న కంప్రెసర్‌, పంక్చరు కిట్టు
• అదే సైజు స్టెప్నీ. 2020 నుంచి కొన్ని షరతులతో స్టెప్నీ లేకుండానే కార్లు అమ్మేందుకు నిబంధనలు ఒప్పుకుంటున్నాయి. కాబట్టి డిక్కీలో ఉందో లేదో తెరిచి చూడండి
• పొట్టి పార, రెండు ట్రాక్షన్‌ బోర్డులు, లాగే తాడు, ఇనుప షాకిల్‌
• జాకీ కింద పెట్టడానికి చెక్క పలక. మెత్తటి నేలలో ఇది లేకపోతే జాకీయే దిగబడుతుంది
• మందులు, దుప్పట్లు, తాగేనీళ్లు, ఒక పూటకు సరిపడా తిండి
• ఆర్సీ, బీమా, పొల్యూషన్‌ సర్టిఫికెట్‌, చేయించిన మార్పులకు అనుమతి కాగితాలు

మొత్తం కలిపినా పైటెంటు ఖరీదులో సగం కాదు. చూసేవాళ్లకు ఆ కారు మామూలుగానే కనిపిస్తుంది. ఫొటోలో గొప్పగా పడదు. కానీ ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లి, తన చక్రాల మీదే తిరిగి తెచ్చే కారు అదే!