ఆహార్యం - అంతరంగం

అభినయం నాలుగు విధాలని చెప్పిన భరతముని ఆహార్యానికి అందులో స్థానమిచ్చాడు. నేటి ఫ్యాషన్ విద్యార్థులు చేసే అభ్యాసాలలో ఒక పాత్రకు దుస్తులు రూపొందించడం కూడా ఒకటి. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం'లోని మధురవాణిని ఎంచుకొన్న విద్యార్థినికి మొదట తోచేవి పట్టుచీర, వడ్డాణం, పూలజడ. వేశ్య అనగానే లోకానికి మెరుపే గుర్తుకు వస్తుంది.

1892లో తొలిసారి ప్రదర్శితమై, 1909లో విస్తృతమైన రెండవ కూర్పుగా వెలువడిన ఆ నాటకాన్ని శ్రద్ధగా చదివితే ఈ ఊహ చెదిరిపోతుంది. అందులో వేషమే కథను నడిపిస్తుంది. శిష్యుడు ఆడవేషంతో పెండ్లికూతురు కావడం వల్ల పసిపిల్ల సుబ్బి ముసలి లుబ్ధావధానుల పాలు కాకుండా తప్పించుకొంటుంది. వేశ్యలను దూరంగా ఉంచే సౌజన్యారావు పంతులు ఎదుటికి మధురవాణి పురుషవేషంలో వెళుతుంది. ఆమె బుద్ధి, మనసు మారలేదు. వస్త్రం మారినందుకే తలుపు తెరుచుకొంది. మనిషి కన్న ముందు బట్టను చూసే లోకరీతి అక్కడ బయటపడుతుంది.

ప్రేక్షకుని కన్ను అందాన్ని కోరుతుందని కొందరంటారు. అది నిజమే. అలంకారం వద్దనీ ఎవరూ అనరు. మధురవాణి కంటె సైతం మారువేషపు పెండ్లికూతురి మెడకెక్కి కథలో చిక్కును పెంచింది. అయితే ఆ నగకు అక్కడ ఒక పని ఉంది.

కాబట్టి ఈ పాత్ర ఎవరి చూపు కోసం ఈ బట్ట కట్టిందని విద్యార్థిని ముందుగా ప్రశ్నించుకోవాలి. పాత్రను చదవక కుట్టిన వస్త్రం అంగడి బొమ్మకు సరిపోతుంది గాని మధురవాణికి సరిపోదు.