షోర్‌లో ఎవరి హిస్సా ఎంత?

“సిగ్నల్ కమ్‌జోర్‌గా ఉన్నోళ్లు కొంచెం సర్దుకోవాలి, సైన్స్ అంతే భాయ్” అని మొన్న ఒక ఇంజినీర్ దోస్త్ తేల్చేశాడు. ఊరి చివరి ఇంట్లో పిల్లల వీడియో పాఠం మాటిమాటికీ ఆగిపోతోందన్న దాని మీద బహస్ అది. సైన్స్ మీద ఈ ఇల్జామ్ గలత్ దోస్తులారా.

షోర్ మధ్య ఒకరు ఇంకొకరికి ఎంత ఖబర్ గల్తీ లేకుండా పంపొచ్చో 1948లో షానన్ హద్దు తేల్చాడు. మరి పంపేది ఒకరు, వినేది ఇద్దరైతే? 1972లో థామస్ కవర్ ఆ సవాల్ వేశాడు. వంతులేసుకుని, కాసేపు నీకు కాసేపు నాకు అని పంపడం ఒక తరీకా. దానికంటే మెరుగైంది ఉందన్నాడు. ఇద్దరి పైగామ్‌లూ ఒకేసారి, ఒకదాని మీద ఒకటి పేర్చి పంపాలి. దూరపోడిది గట్టిగా, దగ్గరోడిది సన్నగా. దూరపోడికి ఆ సన్నటి ఆవాజ్ షోర్‌లో కలిసిపోతుంది, అతని పని ఆగదు. దగ్గరోడు ముందు గట్టిదాన్ని చదివేసి, తీసి పక్కన పెట్టి, మిగిలినదాంట్లో తనది వింటాడు.

లెక్క చూడండి. టవర్ తాకత్ 100. దగ్గర షోర్ 1, దూరంగా 10. సగం సగం వంతులేస్తే ఒక్కో విడతకి దగ్గరోడికి సుమారు 1.66 బిట్లు, దూరపోడికి 0.86. అదే పేర్చి, తాకత్‌లో 91 దూరపోడికిచ్చి 9 దగ్గరోడికిస్తే? దగ్గరోడికి అదే 1.66. దూరపోడికి 1.27! ఎవరి జేబూ కొట్టలేదు, బేచారా హిస్సా మాత్రం దాదాపు సగం పెరిగింది.

ఇది కాగితం మీది ఖయాల్ మాత్రమే కాదు. యూరప్ డిజిటల్ టీవీ స్టాండర్డ్ డీవీబీ-టీలో ఈ ఇంతెజాం ఉంది. 64 చుక్కల పటంలో చుక్క ఏ మూలన ఉందో తెలిస్తే రెండు బిట్లు దక్కుతాయి, పాత యాంటెన్నాకి అవి చాలు. మూలలో సరిగ్గా ఎక్కడుందో కూడా పట్టగలిగితే ఇంకో నాలుగు.

దగ్గరి ఫోన్‌కి మెహనత్ పెరుగుతుంది, నిజమే. మొదటి పైగామ్ తప్పుగా చదివితే రెండోదీ ఖరాబ్. ఆ ఉజ్ర్ నేను ఒప్పుకుంటాను. అసలు మామలా వేరే. మొత్తం ఎన్ని బిట్లు పోయాయన్నదే కొలతైతే, తాకత్ అంతా దగ్గరోడికే ఇవ్వడం లాభం: 3.33. పేర్చినప్పుడు ఇద్దరిదీ కలిపి 2.93 మాత్రమే. అంటే ఊరి చివరి ఇంటిని వదిలేయమని చెప్పేది షానన్ కాదు, ఆ కొలతను ఎంచుకున్నవాళ్లు. ఎంతవరకు సాధ్యమో లెక్క గీత గీస్తుంది. ఆ గీత మీద ఎక్కడ నిలబడాలన్నది మనుషుల ఫైసలా.

ఈసారి ఆ దోస్త్ కలిస్తే ఒకటే అడుగుతాను: జనాబ్, మీ టవర్‌లో ఆ 91 ఎవరికిచ్చారు?