దవడలో కిటికీ

అడ్డాకులో వేడిగా అన్నవరం ప్రసాదం చేతిలో పడితే ఏ పిల్లాడు ఆగుతాడు? మా మేనల్లుడికి పదకొండేళ్లు. పోయిన కార్తీకంలో రత్నగిరి మీద వ్రతం అయ్యాక ఆ గోధుమరవ్వ ప్రసాదమంతా ఎడమ దవడతోనే నమిలి తిన్నాడు. కొండ దిగాక కుళాయి దగ్గర మా చెల్లెలు సంచిలోంచి సూది లేని సిరంజీ, ఉప్పు వేసి కాచి చల్లార్చిన నీళ్ల సీసా తీసింది. “నోరు తెరు నాన్నా” అంది. కుడివైపు కింద, పాలపన్ను పీకినచోట, చిటికెనవేలి గోరంత కంత. అందులోకి నీళ్లు కొడితే నాలుగు రవ్వపలుకులు బయటికొచ్చాయి. మళ్లీ కొట్టింది. నీళ్లు తేటగా వచ్చేదాకా కొడుతూనే ఉంది. వాడికి జరుగుతున్న వైద్యం అదే.

వాడి దవడలో పెరిగింది నీటితిత్తి. పుచ్చిపోయిన పాలపన్ను కింద, ఇంకా పైకి రాని పన్ను చుట్టూ ఉండే పొర ఉబ్బి, నీరు పట్టి, ఎముకను లోపల్నుంచే తోసుకుంటూ పోయింది. నొప్పి లేదు. ఈ జబ్బుతో వచ్చిన చిక్కే అది: చీము పడితే తప్ప నొప్పెట్టదు, నొప్పి లేందే మనం గడప దాటం. బుగ్గ ఉబ్బితే గవదబిళ్లలన్నారు, పసుపు పట్టు వేశారు. బిళ్లలు మింగితే తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. రెండు దవడలూ ఒకే ఫిల్ములో కనబడేలా తీసే ఎక్స్‌రే, ఓపీజీ అంటారు, అది తీస్తే గానీ లోపలి నల్లటి బుడగ బయటపడలేదు.

పట్నంలో మొదట చూపించినచోట ఫిల్ము చూసి, “మత్తిచ్చి తిత్తీ, దాంతోపాటు లోపలున్న పన్నూ తీసేస్తాం, సోమవారం రండి” అన్నారు. వేరే దారి ఉందని చెప్పలేదు. మేమూ అడగలేదు. ఆ అడగకపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతోంది కాబట్టే ఇది రాస్తున్నాను.

ఆ వేరే దారి కొత్తదేమీ కాదు. మా రత్నగిరి మీద స్వామి వెలిసింది 1891లో. ఆ మరుసటేడు, 1892లో, అప్పటి జర్మనీలోని బ్రెస్లౌ నగరంలో కార్ల్ పార్ష్ అనే శస్త్రవైద్యుడు ఈ తిత్తులకు ఒక తేలిక ఉపాయం రాసిపెట్టాడు. తిత్తినంతా తవ్వి తియ్యక్కర్లేదు, నోట్లోకి ఒక కిటికీ తెరవండి అన్నాడు. లోపలి నీరు బయటికి పోతే ఒత్తిడి పోతుంది. ఒత్తిడి పోతే ఎముక అంచుల నుంచి తనంతట తనే పూడుకొస్తుంది. పిల్లల్లో అయితే ఇరుక్కున్న పన్ను దారి దొరికి పైకి కూడా రావచ్చు. తిత్తిని పొరతో సహా ఒలిచి తీసేసే పద్ధతి రెండోది. చిన్న తిత్తికి, పెద్దవాళ్లకి చాలాసార్లు అదే మేలు, ఒక్కసారితో పని అయిపోతుంది. కిటికీ పద్ధతికి నెలలు పడుతుంది. తిన్నప్పుడల్లా కడగాలి, కంత ముందే మూసుకుపోకుండా చూసుకోవాలి. డాక్టరు చేసేది గంట పని, తక్కినదంతా ఇంటివాళ్లది. అందుకే ఆ ఇంటివాళ్లని కూర్చోబెట్టి, తెలుగులో, ఫిల్ము చేతికిచ్చి చెప్పాలి. చెప్పే తీరిక డాక్టరుకి లేకపోతే అడిగే హక్కు మనకుంది.

అడగాల్సిన మొదటి మాట, “ఇది ఏ రకం తిత్తి?” అని. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది చచ్చిన పన్ను వేరు కొసన పుట్టేది. చిన్నగా ఉంటే రూట్ కెనాల్‌తోనే మానిపోవచ్చు. మావాడిలా మొలవని పన్ను చుట్టూ వచ్చేది ఇంకోటి. పెద్దవాళ్లలో జ్ఞానదంతం దగ్గర ఇది ఎక్కువ. మూడోది మొండిది, కెరటోసిస్ట్. 1956లో ఆ పేరు పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో దాన్ని కణితుల జాబితాలో చేర్చి, 2017లో మళ్లీ తిత్తుల్లోకి తెచ్చింది. పెద్దల్నే అంత తికమక పెట్టింది! దాని పొర పల్చన, తీస్తుంటే చిరుగుతుంది, మిగిలిన ముక్క నుంచి మళ్లీ పుడుతుంది. అందుకే తీశాక చుట్టూ ఎముకను అరగదీస్తారు, ఒక్కోసారి ఘాటు మందుతో కాలుస్తారు. ఏళ్ల తర్వాత కూడా తిరగబెట్టగలదు కాబట్టి ఏటా ఫిల్ము తీయించుకోవాల్సిందే. ఇవి కాక, తిత్తిలాగే కనబడే అమీలోబ్లాస్టోమా అనే కణితి ఉంది. దానికి దవడలో ముక్క కోయక తప్పకపోవచ్చు. ఫిల్ములో ఇవన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి. తేడా చెప్పేది బయాప్సీ. కోసిన ముక్కను చెత్తడబ్బాలో పడేయకుండా పరీక్షకు పంపారా లేదా అన్నది రెండో ప్రశ్న.

రెండో అభిప్రాయం కోసం ఫిల్ము పట్టుకుని మేం రాజమండ్రి దారి పట్టాం. హైవే పక్కనే రాజానగరంలో జీఎస్‌ఎల్, లెనోరా దంత కళాశాలలున్నాయి, అటు భీమవరంలో విష్ణు ఉంది, విజయవాడలో ప్రభుత్వ దంత కళాశాల ఉంది. దవడ ఆపరేషన్లకని ప్రత్యేకంగా చదివిన సర్జన్లు ఇలాంటిచోట్ల ఉంటారు. పన్ను డాక్టరంటే పీకేవాడే అనుకునే మనలో చాలామందికి ఆ చదువు ఒకటుందనే తెలియదు. అన్నవరం నుంచి బస్సులో ఒక పూట ప్రయాణం. ఆ పూటే మావాడి పన్ను నిలబెట్టింది. మేం వెళ్లినచోట పాలపన్ను తీసి, కిటికీ తెరిచి, కిటికీ అంచున పొర ముక్క పరీక్షకు పంపారు. ఆ కాగితం మా చెల్లెలు వ్రతకథ పుస్తకంలో పెట్టుకుంది.

మధ్యలో ఒకసారి విసిగిపోయింది. వాపు తగ్గింది కదా, ఇంకా ఎందుకీ కడుగుడు అని నాకు ఫోన్ చేసి ఏడ్చింది. నెలన్నరకే చెంప నున్నబడింది మరి. కానీ ఫిల్ములో బుడగ సగం అలాగే ఉంది. బయటి వాపు తగ్గాక లోపలి ఎముక పూడటానికి ఇంకా చాలా కాలం పడుతుందని ఆ రోజు డాక్టరమ్మ పాత ఫిల్మూ కొత్త ఫిల్మూ పక్కపక్కన పెట్టి వేలితో చూపించింది. ఆ తర్వాత మా చెల్లెలు ఒక్కపూట మానలేదు. స్కూలు బ్యాగులో నీళ్ల సీసా పక్కన ఇంకో సీసా, సిరంజీ. మధ్యాహ్నం అన్నం తిన్నాక వాడే కడుక్కోవడం నేర్చుకున్నాడు.

ఎనిమిదో నెల నడుస్తోంది. మొన్న ఆదివారం ఫోన్‌లో, “మావయ్యా, అక్కడేదో గట్టిగా నాలిక్కి తగుల్తోంది” అన్నాడు.