గళ్లు గీసిన వాడిదేనా లెక్క?

మా ఊరి రైతు ఉత్పత్తిదారుల సంఘానికి ఈ మధ్య ఒక రెడీమేడ్ ఎక్సెల్ షీటు వచ్చింది. ఖర్చులు కొడితే చాలు, ఎకరాకు లాభమెంతో దానంతటదే చెబుతుంది. సంఘంలో పనిచేసే కుర్రాడు ల్యాప్‌టాప్ నా ముందు పెట్టి, "బాబాయ్, నీ నోటుబుక్కు చదువు, నేను కొడతా" అన్నాడు. నేను మూడు సాయంత్రాలు కూర్చుని కూడే లెక్క అరగంటలో తేలింది. ఎకరాకు 24,250 రూపాయలు లాభమట! ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ, "మరి ఆ డబ్బు ఎక్కడ పెట్టావు?" అంది.

అది 2024 సార్వా వరి లెక్క. 30 బస్తాలు పండాయి. షీటులో ధర ముందే వేసి ఉంది. క్వింటాలు మద్దతు ధర 2,300, అంటే 75 కిలోల బస్తా 1,725. మొత్తం 51,750. అందులో విత్తనం, దుక్కి, నాట్లు, ఎరువులు, మందులు, కోత మిషను కలిపి 27,500 తీసేసింది. మిగిలింది లాభం అంది.

నేను అమ్మింది 1,725కు కాదు. తేమ ఉందని, తరుగని కోసి బస్తాకు 1,550 చేతిలో పెట్టారు. చేతికొచ్చింది 46,500. కౌలు 12 బస్తాలు, అదే ధరకు 18,600. కౌలుకు షీటులో గడే లేదు. అప్పు తెచ్చిన 20,000కు నూటికి రెండు రూపాయల వడ్డీ, ఆరు నెలలకు 2,400. దానికీ గడి లేదు. అక్కడికే చేతి డబ్బు 2,000 పోయింది. నేనూ మా ఆవిడా పడ్డ 22 రోజుల చాకిరీకి రోజుకు 400 కడితే 8,800. అదీ కలిపితే ఎకరాకు 10,800 నష్టం. ఆ వరసలు కలపమని కుర్రాణ్ని అడిగాను. "కుదరదు బాబాయ్, లాక్ చేసి పంపారు" అన్నాడు. వాడి తప్పేం లేదు.

కంప్యూటరు వద్దని నేననడం లేదు. కూడికలు, తీసివేతలు అది నాకంటే బాగా చేస్తుంది. నా గొడవల్లా ఆ గళ్లు గీసిన వాడితోనే. వాడి దృష్టిలో రైతంటే సొంత పొలం, సొంత డబ్బు ఉన్నవాడు. ఇంట్లో వాళ్ల చాకిరీకి విలువ లేదు. మా దగ్గర పొలంలో దిగేవాళ్లలో ఎక్కువమంది కౌలుదారులే. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద కార్డు కావాలన్నా యజమాని సంతకం కావాలి. కార్డులోనూ లేక, షీటులోనూ లేకపోతే కౌలు రైతు ఇంకెక్కడ కనపడాలి?

ఢిల్లీలో జరిగేదీ ఇదే. స్వామినాథన్ కమిషన్ సాగు ఖర్చుకు కనీసం 50 శాతం కలిపి ధర ఇమ్మంది. ఒకటిన్నర రెట్లు ఇస్తున్నామని ప్రభుత్వం చెబుతుంది. ఏ ఖర్చుకు ఒకటిన్నర? చేతి ఖర్చు, ఇంటి చాకిరీ మాత్రమే కలిపిన ఏ2 ప్లస్ ఎఫ్ఎల్ లెక్కకు. 2024-25లో వరికి అది 1,533. దానికి ఒకటిన్నర రెట్లే ఆ 2,300. సొంత భూమి కౌలు విలువ, సొంత పెట్టుబడి మీద వడ్డీ కూడా కలిపే సీ2 లెక్కను అదే ధరల కమిషన్ వేసింది, 2,008 అని. దానికి 50 శాతం కలిపితే 3,012. క్వింటాలుకు 712 రూపాయలు ఎక్కడ పోయాయంటే, ఒక గడిని పక్కన పెట్టడంలో పోయాయి.

ఈ షీట్లు సంఘం దగ్గరే ఆగవు. రేపు బ్యాంకుకో, ఆఫీసుకో వెళ్తాయి. రైతు ఎకరాకు పాతిక వేలు మిగుల్చుకుంటున్నాడని మన చేత్తో కొట్టిన కాగితమే మన ముందు పెడతారు. అప్పుడు నోటుబుక్కు వెతుక్కుంటే ఎవరు నమ్ముతారు?

అందుకని మన సంఘమే ఒక షీటు తయారు చేసుకోవాలని నేను జిల్లా కమిటీలో అడిగాను. కౌలు, వడ్డీ, ఇంటి చాకిరీ, తరుగు, నిజంగా అమ్మిన ధర, వీటన్నిటికీ వరసలుండాలి. ఆడవాళ్ల పనిరోజులకు విడిగా ఒక వరస ఉండాలి. ఎవరికి వారు వరస కలుపుకునేలా తాళం లేకుండా ఉండాలి. ధరల కమిషన్ రైతు సంఘాల అభిప్రాయం అడిగినప్పుడు ఊరూరి లెక్కలు దాని ముందు పెట్టాలి.

మిత్రులారా, వచ్చే మండల సమావేశానికి మీ నోటుబుక్కులు, మందుల కొట్టు బిల్లులు, కాటా చీటీలు పట్టుకురండి. కొట్టడానికి మా కుర్రాడు వస్తానన్నాడు. రాయడం అలవాటు లేనివాళ్లు నోటితో చెప్పినా చాలు.