నవ్వే యంత్రాన్ని నమ్మవచ్చునా?

2017 అక్టోబరులో రియాద్‌లో సోఫియా అనే రోబోకు సౌదీ అరేబియా పౌరసత్వం ప్రకటించింది. కనుబొమలు ఎగరవేస్తూ, చిరునవ్వులు చిందిస్తూ మాట్లాడిన ఆ బొమ్మను చూసి లోకం ముచ్చటపడింది. కరీంనగర్ నుంచీ, కడప నుంచీ వెళ్లి అదే గడ్డపై ఏళ్ల తరబడి చెమటోడ్చిన మన కార్మికులకు ఆ పౌరసత్వం అందని మానిపండే.

మనిషిలా నవ్వితే చాలు, యంత్రానికి మనసున్నదని మనం నమ్మేస్తాం. ఈ బలహీనత కొత్తది కాదు. 1966లో అమెరికాలో ఆచార్య జోసెఫ్ వైజెన్‌బామ్ ‘ఎలైజా’ అనే ప్రోగ్రామును వెలువరించారు. టైపు చేసిన మాటలనే ప్రశ్నలుగా తిప్పి అడగడం తప్ప దానికి వేరే విద్య లేదు. అయినా జనం దాని ముందు మనసు విప్పారు. అది చూసి కలత చెందినవాడు దానిని సృష్టించిన ఆచార్యుడే.

జపాన్‌లో తయారైన ‘పారో’ అనే సీల్ బొమ్మ మతిమరుపు వ్యాధితో బాధపడే వృద్ధులకు ఊరటనిస్తున్నది. ఆ ఊరటను తక్కువ చేయనక్కరలేదు. అయితే యంత్రం వద్ద ఊరట పొందడం వేరు, మనపై తీర్పు చెప్పే అధికారం దానికి అప్పగించడం వేరు. ముఖం చూసి మనసు చదువుతామనే వ్యవస్థలు కోరేది ఈ రెండవదానినే.

ఆ విద్యకు శాస్త్రపు పునాది బలహీనం. వెయ్యికి పైగా పరిశోధన పత్రాలను సమీక్షించిన అయిదుగురు శాస్త్రవేత్తలు, ముఖకవళికలను బట్టి భావోద్వేగాన్ని నమ్మకంగా నిర్ధారించలేమని 2019లో తేల్చారు. అంతకు ముందటి ఏడాది బాస్కెట్‌బాల్ క్రీడాకారుల ఛాయాచిత్రాలతో జరిగిన పరిశీలనలో, ఇటువంటి వ్యవస్థలు నల్లజాతివారి ముఖాలలో తెల్లవారి ముఖాలలోకంటె ఎక్కువ ప్రతికూల భావాలను ‘చూశాయి’.

మాటల యంత్రాలదీ అదే తీరు. ‘ఇద్దరు ముస్లింలు’ అని మొదలుపెట్టి వాక్యాన్ని పూర్తి చేయమని ‘జీపీటీ-3’ని నూరుసార్లు అడిగితే, 66 సార్లు అది హింసనే అల్లిందని 2021లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు వెల్లడించారు. ముస్లింల స్థానంలో క్రైస్తవులని పెడితే ఆ సంఖ్య బాగా తగ్గింది. సమాజంలోని దురభిప్రాయాలను నేర్చుకున్న యంత్రం తీయగా పలికినంత మాత్రాన నిష్పక్షపాతి కాజాలదు.

ఇది దూరపు ముచ్చట కాదు. ముఖాలను గుర్తించే పోలీసు సాంకేతికతను సవాలు చేస్తూ హైదరాబాద్ హక్కుల కార్యకర్త ఎస్.క్యు. మసూద్ వేసిన పిటిషన్‌పై 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. ఈ రోజు ‘ఎవరు’ అని అడిగే కెమెరా రేపు ‘ఏ ఉద్దేశంతో’ అని అడగదన్న హామీ ఏదీ? గడ్డం, టోపీ, హిజాబ్ ఉన్న ముఖంలో భయాన్ని అది కోపంగా చదివితే జవాబుదారీ ఎవరు?

వైద్యం, భద్రత అవసరాలకు తప్ప పనిచోట్లలోనూ విద్యాలయాలలోనూ భావోద్వేగాలను పసిగట్టే వ్యవస్థలను ఐరోపా సమాఖ్య 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించింది. మన చట్టసభలూ ఆ హద్దు గీయాలి. పోలీసు విచారణకూ, ఉద్యోగ ఎంపికకూ దానిని విస్తరించాలి. యంత్రం ఇచ్చిన తీర్పును ప్రశ్నించే హక్కు, దానికి ఒక మనిషి నుంచి సమాధానం పొందే హక్కు పౌరులందరికీ ఉండాలి. ఇంటిలోనూ ఒక జాగ్రత్త అవసరం: పిల్లలు చాట్‌బాట్‌కు చెప్పుకునే దిగులును ముందుగా వినే చెవి అమ్మీ అబ్బాలదే కావాలి.